బడి మాన్పించి ఇంట్లోనే చదివించుకోవచ్చా అక్కా? ప్రొద్దుటూరు ఉత్తరానికి జవాబు

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ప్రొద్దుటూరు, మా ఆయనకి బట్టల కొట్టు ఉంది. బాబుకి 9 ఏళ్ళు, నాలుగో తరగతి, పాపకి 6, ఒకటో తరగతి, ఇద్దరూ ఒకే ప్రైవేట్ స్కూలు. బాబు చదవడంలో బాగా స్లో, ఒక్క లైను చదవాలన్నా తడబడతాడు, దానికి క్లాసులో నిలబెడతారు, పోయిన నెల చేతి మీద స్కేలుతో కొట్టినారు కూడా. పొద్దున స్కూలు బస్సు టైముకి కడుపునొప్పి అంటాడు, ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. పాప సంతోషంగానే పోతుంది. నేను బీఎస్సీ బీఈడీ, పెళ్ళికి ముందు రెండేళ్ళు టీచర్‌గా చేసినా. ఇద్దర్నీ మాన్పించి ఇంట్లోనే చదివించాలని ఉంది. మా ఆయన స్కూలు మారిస్తే చాలంటాడు, మా అత్తమ్మ అయితే బడి మాన్పిస్తే జనాలు ఏమనుకుంటారని రోజూ గొడవ. చట్టప్రకారం ఇది కుదురుతుందా, రేపు పదో తరగతి ఎట్లా రాస్తారు, అసలు నేను చెయ్యగలనా? మీరు మీ పిల్లల్ని ఇంట్లోనే చదివించినారని తెలిసి రాస్తున్నా.

జవాబు:

చెల్లీ, మీ ఉత్తరం మూడు సార్లు చదివినా. చట్టం సంగతి, పదో తరగతి సంగతి అన్నీ చెప్తా గానీ ముందు ఆ కడుపునొప్పి గురించి ఒక మాట. ఆదివారం రాని నొప్పి అంటే దొంగ నొప్పి అనుకుంటారు చాలామంది, కాదు, వాడికి నిజంగానే కడుపులో తిప్పుతుంది. భయమేస్తే పెద్దోళ్ళకే కడుపు కదులుతుంది, వాడికి 9 ఏళ్ళు. కాబట్టి "ఊరికే నాటకాలు" అనే మాట ఇంట్లో ఎవరి నోట్లోంచీ రాకుండా చూడండి, మీ అత్తమ్మతో సహా.

ఇంక నా సలహా ఏందంటే, ఇద్దర్నీ ఒకేసారి మాన్పించొద్దు. బాబుని ఒక్క సంవత్సరం ఇంట్లో పెట్టుకోని చదివించండి, అది కూడా డాక్టర్ దగ్గరికి పోయొచ్చినాక, మీ ఆయనా మీ అత్తమ్మా చెరో పని ఒప్పుకున్నాక. పాపని మాత్రం కదిలించొద్దు. ఎందుకంటున్నానో చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

వాడు స్లో అని మీరు రాసినారు, స్కూలోళ్ళూ అదే అన్నారు. ఎందుకు స్లో అని ఎవరైనా చూసినారా? ఉత్తరంలో ఆ మాట యాడా కనపడలా. ఇది నేను కూడా చేసిన తప్పే కాబట్టి చెప్తున్నా. మా వాడు ఒకటో తరగతిలో బోర్డు మీద రాసింది తప్పులు తప్పులుగా ఎక్కించుకోని వస్తుండె. ధ్యాస లేదు నీకు, దిక్కులు చూస్తావు అని ఏడాది పాటు తిట్టినా. మా చిన్నమ్మ చెప్పిందని కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసకపోతే రెండు కళ్ళకీ సైటు. అద్దాలు పెట్టించుకోని అనంతపురం బస్టాండుకి వచ్చినాం, వాడు నా చెయ్యి పట్టుకోని ఆ చివర నిలబడిన బస్సు బోర్డు "కళ్యాణదుర్గం" అని చదివినాడు, దాని పక్కది "తాడిపత్రి", ఆ పక్కది "ధర్మవరం", అట్లా వరసగా చదువుకుంటా పోయినాడు, ఆపలేదు. నాకు ఆడనే కూర్చోని ఏడవాలనిపించింది. ఏడాది తిట్లు ఊరికే తిన్నాడు బిడ్డ.

అందుకని ఈ వారంలోనే కళ్ళు చూపించండి, చెవులు కూడా. చెవి సరిగా వినపడని పిల్లోడు కూడా పరధ్యానంగా ఉన్నట్టే కనపడతాడు. ఆ రెండూ బాగున్నాయంటే మూడోది డిస్లెక్సియా, అంటే అక్షరాలు పట్టుకోని చదవడంలో వచ్చే ఇబ్బంది. తెలివికీ దానికీ ఏ సంబంధం లేదు. నోటితో అడిగితే టకటకా చెప్తాడు, కథ చెప్తే నెల తర్వాత కూడా గుర్తుంటుంది, అక్షరం చూస్తే మాత్రం ఆగిపోతాడు, నిన్న చదివిన పదాన్నే ఈ రోజు కొత్తగా చూసినట్టు చూస్తాడు, గుణింతాలు తారుమారు, ఒత్తులు వదిలేస్తాడు, ఇట్లా ఉంటే అనుమానించాలి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు చెప్పినారు, వాటిలో ఇదీ ఉంది, సర్టిఫికెట్ ఉంటే రేపు పబ్లిక్ పరీక్షల్లో ఎక్కువ టైము, రాసిపెట్టే మనిషి లాంటివి దొరుకుతాయి. కడప పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టర్‌ని కలిసి డీఈఐసీ గురించి అడగండి, 18 ఏళ్ళ లోపు పిల్లలకి ఇట్లాంటివి ఉచితంగా చూసేదానికి ప్రభుత్వం జిల్లాల్లో పెట్టిన సెంటర్లు అవి. ఒక్క రోజులో తేలదు, రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుంది, తిరగండి. ఎందుకింత చెప్తున్నానంటే కారణం తెలియకుండా ఇంటికి తెచ్చుకుంటే స్కూల్లో టీచర్ పడిన విసుగే రేపు మీరు పడతారు, అప్పుడు వాడు తప్పించుకోని పోయేదానికి ఇంకో చోటు ఉండదు.

కొట్టిన సంగతి కూడా వదిలెయ్యొద్దు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించి వేధించకూడదు, ప్రైవేటైనా గవర్నమెంటైనా. హెడ్మాస్టర్‌కి తేదీ వేసి కాయితం మీద రాసివ్వండి, కాపీ పెట్టుకోండి, కదలిక లేకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ) దగ్గరికి పోండి. మీరు పిల్లోణ్ణి మాన్పించుకోని గమ్మున వచ్చేస్తే ఆ స్కేలు ఇంకో పిల్లోడి చేతి మీద పడుతుంది.

మీ ఆయన మాట కూడా కొట్టిపారేసేది కాదు. స్కూలు మార్చడం అన్నది నిజంగా ఒక దారే. మీ వీధికి దగ్గర్లో గవర్నమెంటు స్కూలు ఉంటే ఒక రోజు పోయి చూడండి, క్లాసులో 15 మందో 20 మందో ఉండి, టీచర్ పిల్లల పక్కన కూర్చోని చెప్పే మనిషి అయితే బాబుకి అది చాలేమో. పుస్తకాలు కూడా ఇప్పుడు ఒక పేజీ తెలుగు ఒక పేజీ ఇంగ్లీషు పక్కపక్కనే ఉంటాయి, వాడికి అది మంచిదే. చూసినాక కూడా కాదనుకుంటే అప్పుడు ఇంటి చదువు. ఒక టీచర్ మీద కోపంతో మొదలుపెట్టిన ఇంటి చదువు ఆ కోపం ఉన్నంత కాలమే నడుస్తుంది చెల్లీ, ఆరు నెలలకి కోపం పోతుంది, అప్పుడు పొద్దున్నే లేచి పిల్లోడితో కూర్చునేదానికి వేరే కారణం ఉండాలి.

ఇప్పుడు చట్టం. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంటుంది. సెక్షన్ 10లో పిల్లల్ని దగ్గర్లోని బళ్ళో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని రాసినారు. చేర్పించకపోతే తల్లిదండ్రులకి ఇంత జరిమానా, ఇంత జైలు అని ఆ చట్టంలో యాడా లేదు. అట్లని ఇంటి చదువుకి ఇదిగో పర్మిషన్ అని కూడా యాడా లేదు, పోయి రిజిస్టర్ చేయించుకునేదానికి ఆఫీసు కూడా లేదు. దేశంలో ఇట్లా చదివించేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఈ అటూ ఇటూ కాని స్థితిలోనే నడుపుకుంటున్నారు. ఇది తెలిసి దిగాలి. లెక్కల్లో మీ బాబు బడి మానేసిన పిల్లోడి కిందికి వస్తాడు, వార్డు సచివాలయం వాళ్ళో, విద్యాశాఖ వాళ్ళో ఇంటికొచ్చి ఎందుకు పంపట్లేదని అడుగుతారు. వాళ్ళ మీద అరవొద్దు, వాళ్ళు చేసేది మంచి పనే, బడి మాన్పించి పత్తి చేలల్లోకి పంపే ఇళ్ళు మన జిల్లాల్లో ఇంకా ఉన్నాయి కాబట్టే అడుగుతారు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి వాడి నోటు పుస్తకాలు చూపించండి, డాక్టర్ కాయితం చూపించండి. మా ఇంటికొచ్చినాయన మొదటిసారి అనుమానంగా చూసినాడు, మూడోసారి వచ్చినప్పుడు మా పాప గీసిన పెన్నానది మ్యాపు ఫోటో తీసుకోని పోయినాడు.

డబ్బుల సంగతి కూడా చూసుకోండి. బడికి పోయే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం మీ ఇంటికి వస్తా ఉంటే బాబు వాటా ఆగిపోతుంది, అది బళ్ళో హాజరు ఉన్న పిల్లలకే. నవోదయ మీద ఆశ ఉంటే ముందే ఆలోచించుకోండి, ఆరో తరగతి ఎంట్రన్స్‌కి మూడు నాలుగు ఐదు తరగతులు గుర్తింపు ఉన్న బళ్ళో చదివుండాలంటారు.

పదో తరగతి గురించి మీరు పడే దిగులంతా అక్కర్లేదు, అది తేలిక భాగం. ఎన్‌ఐఓఎస్ అని కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ బోర్డు ఉంది, 1989 నుంచి నడుస్తా ఉంది. 14 ఏళ్ళు నిండితే పదికి కట్టొచ్చు, కనీసం ఐదు సబ్జెక్టులు, తెలుగు మీడియంలో కూడా. ఏడాదికి రెండు సార్లు పరీక్షలు, ఏప్రిల్ మే ఒకసారి, అక్టోబర్ నవంబర్ ఒకసారి. ఒకసారి రిజిస్టర్ అయితే ఐదేళ్ళు టైము, తొమ్మిది ఛాన్సులు, అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు, ఈసారి రెండు, వచ్చేసారి మూడు అట్లా రాసుకోవచ్చు. తడబడతా చదివే పిల్లోడికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంటుంది చెప్పండి. మన రాష్ట్రానిది ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ, 1991లో పెట్టింది, దాంట్లోనూ పదికి 14 ఏళ్ళు నిండాలి. రెండిటి సర్టిఫికెట్లూ చెల్లుతాయి. మా పాప ఎన్‌ఐఓఎస్‌లోనే పది రాసింది. ఇంటర్‌కి పోతే కాలేజీలో క్లర్కు ఇది ఏం బోర్డు అని మూడు వారాలు తిప్పినాడు, వేరే బోర్డుకి మారేదానికి ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్ ముందే తెప్పించుకోనుంటే ఆ తిప్పలు లేకుండా పోతుండె. మా వాడైతే ఎనిమిది అయిపోయే ఈడుకి "నేను బడికి పోతానమ్మా, ఆడ కబడ్డీ టీం ఉంది" అన్నాడు, తొమ్మిదిలో చేర్పించినాం, అందరితో పాటు పది రాసినాడు. బాధపడినానా అంటే కొంచెం పడినా, కానీ పంపినా.

వెనక్కి పోయే దారి మూసుకోకుండా ఉండేదానికి ఒక్క ఫైలు పెట్టుకోండి. టీసీ తీసుకునేటప్పుడు బాబు పెన్ నంబర్ అడిగి రాసుకోండి, స్కూల్ రికార్డులో పిల్లోడికి ఇచ్చే శాశ్వత నంబర్ అది, రేపు ఏ బళ్ళో చేరినా దాన్ని బట్టే లాగుతారు. మళ్ళీ చేరాలంటే ఈడుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని చట్టంలోనే సెక్షన్ 4 ఉంది. ప్రతి నెలా వాడు రాసిందొకటి, గీసిందొకటి, తేదీ వేసి ఆ ఫైల్లో పెట్టండి, ఆఫీసులకి పనికొస్తుందని కాదు, మీకే పనికొస్తుంది. వాడికేం రావట్లేదని మీరు ఏడ్చే రాత్రులు వస్తాయి, అప్పుడు నాలుగు నెలల కిందటి కాయితం తీసి చూసుకోవాలి.

సరే, మీరు చెయ్యగలరా అని అడిగినారు. బీఈడీ ఉంది కాబట్టి చేస్తాననుకుంటున్నారు, నిజం చెప్పాలంటే బీఈడీ నలభై మంది ముందు నిలబడి చెప్పడం నేర్పిస్తుంది, ఒక్కడి పక్కన కూర్చోడం నేర్పించదు. చూడాల్సింది మీ డిగ్రీ కాదు, మీ రోజు ఎట్లా ఉంది అని. పొద్దున ఐదుకి లేచి వంట, కొట్టుకి క్యారేజీ, అత్తమ్మ మందులు, బట్టలు, మళ్ళీ సాయంత్రం వంట, ఇవన్నీ అట్లనే ఉంచి పైన పిల్లోడి చదువు ఎక్కిస్తే మూడు నెలలకి మీరు పడిపోతారు. నేను పడిపోయినా. మొదటి ఏడు దసరా నాటికి నా గొంతు పిల్లల మీద ఎప్పుడూ హెచ్చులోనే ఉండేది, మా పాప ఒక రోజు "అమ్మా నువ్వు మాకు మిస్‌వా అమ్మవా" అని అడిగింది. ఆ రాత్రి మా ఆయనా నేనూ కూర్చోని పనులు పంచుకున్నాం, పొద్దున టిఫిన్ ఆయన చేస్తాడు, ఉగ్గానో ఉప్మానో ఏదో ఒకటి, 9 నుంచి 11 దాకా నన్ను ఎవరూ ఏ పనికీ పిలవకూడదు. అది ఒప్పుకున్న రోజు నుంచే మా ఇంట్లో చదువు నడిచింది. మీ ఆయన దీనికి ఒప్పుకోకుండా "నీ ఇష్టం, నువ్వే చూసుకో" అంటే మాత్రం మొదలుపెట్టొద్దు చెల్లీ, స్కూలే మార్చండి. ఆ మాట ఒప్పుకోలు కాదు.

మొదట్లో చేసిన ఇంకో తప్పు కూడా చెప్తా. గోడకి నల్లబోర్డు కొట్టించినా, టైంటేబుల్ రాసినా, 9 నుంచి 4 దాకా పీరియడ్లు, గంట కూడా కొట్టేదాన్ని. పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు మా వాడు మంచం కిందికి దూరినాడు, బయటికి రానన్నాడు. బడి నుంచి దెబ్బతిని వచ్చిన పిల్లోడికి ముందు కొన్ని వారాలు ఏమీ చెప్పొద్దు. మీకు భయమేస్తుంది, పిల్లోడు పొద్దంతా సైకిల్ టైర్ దొర్లించుకుంటా, చీమల్ని చూసుకుంటా, ఫ్యాను కింద పడుకోని ఉంటాడు, వీడి జీవితం పోయిందనిపిస్తుంది. ఆగండి. ఫోను మాత్రం చేతికియ్యొద్దు. నెల నెలన్నరకి వాడే వచ్చి ఏదో ఒకటి అడుగుతాడు, పెద్దగా ఏం ఉండదు, బల్లి తోక తెగితే ఎందుకు ఆడుతుందని అడుగుతాడు. ఆ రోజు మొదలుపెట్టండి.

కూర్చోబెట్టి చెప్పే చదువు 9 ఏళ్ళ వాడికి రోజుకి రెండు గంటలు చాలు. తక్కువ అనుకోవద్దు, క్లాసులో ఆరేడు గంటల్లో సగం పైన వాడు వేరేవాళ్ళు రాయడం అయ్యేదాకా, టీచర్ హాజరు వేసేదాకా కూర్చునే టైమే. అందులో చదవడం పదిహేను నిమిషాలకి మించొద్దు, అదీ తెలుగుతోనే మొదలు. మన తెలుగులో రాసింది రాసినట్టు పలుకుతాం, ఇంగ్లీషులో ఒక్క అక్షరానికే నాలుగు పలుకులు, తడబడే పిల్లోడికి ముందు ఒక భాషలో కాలు నిలవాలి. పళ్ళెంలో రాగిపిండి పలచగా పరిచి వేలితో రాయించండి, క రాసి కా, కి, కీ అని నోటితో అనుకుంటానే రాయాలి, పలికేదీ చూసేదీ వేలు తిరిగేదీ ఒకేసారి జరగాలి. ఒక రోజు ఒక్క ఒత్తు. తర్వాత మీరు చదవండి, వాడు వేలు పెట్టి మీ వెంట రావాలి, అదే పేజీ నాలుగు రోజులు. తప్పు చదివితే ఆపి సరిచెయ్యొద్దు, మీరు ఆ పదం సరిగ్గా పలికి ముందుకి పోండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు వందల కొద్దీ ఉచితంగా ఉన్నాయి, తేలిక నుంచి కష్టం దాకా లెవెల్స్ వేసి ఉంటాయి, వాడి తరగతి చూడొద్దు, వాడు నవ్వుకుంటా చదవగలిగే లెవెల్ నుంచి మొదలుపెట్టండి, ఒకటో లెవెల్ అయినా సరే. ఇంగ్లీషు మాత్రం ఈ ఏడాది చెవికి పడనియ్యండి, మీరు రోజూ ఒక కథ చదివి వినిపించండి, అంతే.

లెక్కలు మీకు అస్సలు సమస్య కాదు, కొట్టు ఉంది కదా. ఇదే మీ ఆయనకి ఇచ్చే పని. వారంలో మూడు రోజులు సాయంత్రం ఒక గంట బాబు కొట్లో ఉండాలి, బేరం లేని టైములో. మీటరు 120 రూపాయలు అయితే 80 సెంటీమీటర్ల జాకెట్ ముక్క ఎంత? 96. ఒక తాను 20 మీటర్లు ఉంటే అట్లాంటి ముక్కలు ఎన్ని వస్తాయి? 25. ఒక ముక్క తప్పు కత్తిరిస్తే నష్టమెంత? పుస్తకంలో దశాంశాలు అని పాఠం ఉంటుంది, వాడు దాన్ని బట్ట మీద కత్తెర పెట్టి నేర్చుకుంటాడు. ఒక్కటే షరతు, వాణ్ణి పనోడిలా వాడుకోకూడదు, గిరాకీ ఉన్నప్పుడు టీలు తెమ్మని పంపకూడదు, ఆ గంట చదువు గంటే. ఇది మీ ఆయనకి గట్టిగా చెప్పండి.

మీ అత్తమ్మ సంగతి. ఆమెని శత్రువుగా రాసినారు మీరు, నాకు అట్లా అనిపించలా. జనాలు ఏమనుకుంటారో అన్నది పైమాట, లోపల ఆమె భయం ఏందంటే మనవడు చదువు లేనోడైపోతాడని. ఆమె తరంలో చదువు అందక బాధపడినోళ్ళు ఎంతమంది, బడి అంటే ఆమెకి అంత విలువ. మా ఇంట్లో మా అమ్మ కూడా అంతే, "నేను ఐదుతో మానేసినా, నువ్వు నీ బిడ్డల్ని మూడుతోనే మాన్పిస్తావా" అని నాతో రెండు నెలలు మాట్లాడలేదు. తర్వాత చెనిక్కాయల కాలం వచ్చింది. అరుగు మీద కూర్చోని విత్తనం కోసం కాయలు ఒలుస్తా ఉంటే పిల్లలిద్దరూ చేరినారు. నేను వంటింట్లో తక్కెడ ఉంటే తెచ్చి పక్కన పెట్టినా, అంతే, ఏం చెప్పలా. మా పాప కిలో కాయలు తూచి ఒలిచింది, గింజలు 690 గ్రాములు వచ్చె, పొట్టు 300. మిగతా 10 గ్రాములు యాడికి పోయె అని అవ్వా మనవరాలూ కలిసి ఎతికినారు, తమ్ముడు నోట్లో వేసుకున్నాడని తేలింది. అప్పుడు పాప అడిగింది, "అవ్వా, మరి మార్కెట్లో క్వింటా కాయలు అమ్మితే పొట్టుకి కూడా డబ్బులిస్తారా?" మా అమ్మ ఒలవడం ఆపేసి వ్యాపారి కాయలు గుప్పెడు తీసి ఒలిచి ఎట్లా చూస్తాడు, తాలుకాయ ఎక్కువుంటే ధర ఎట్లా తగ్గిస్తాడు, వాన ఎనకపడిన ఏడు గింజ ఎందుకు బక్కగా ఉంటుంది, అన్నీ గంట సేపు చెప్పింది. శాతాలు, సగటు, బేరం, వాన, అన్నీ ఆ అరుగు మీదనే అయిపోయినాయి. ఆ రోజు నుంచి మా అమ్మ ఎవరైనా పిల్లల్ని బడికి పంపలేదా అంటే "నేను చెప్తున్నా కదా చదువు" అనేది.

మావైపు అవ్వ అంటాం, మీవైపు జేజి అంటారు కదా. ఆ జేజికి ఒక పని అప్పజెప్పండి, సాయం చెయ్యమని కాదు, నాకు ఇది రాదు అత్తమ్మా మీరే చెప్పాల అని. కొలతలు అప్పజెప్పండి, జానెడు, మూరెడు, గజం, మానిక, శేరు. బాబు మూరతో గడప నుంచి తులసికోట దాకా కొలవమనండి, జేజి మూరతో కొలవమనండి, లెక్క కలవదు, ఎందుకు కలవలేదో వాడే చెప్తాడు, కొట్లో నాన్న మీటరు కడ్డీ ఎందుకు వాడతాడో అప్పుడు తెలుస్తుంది. వేమన పద్యాలు ఆమెకి వచ్చే ఉంటాయి, రోజుకొకటి నోటికి చెప్పించండి, తర్వాత అదే పద్యం కాయితం మీద చూపిస్తే వాడికి ముందే నోటికొచ్చి ఉంటుంది కాబట్టి కన్ను సులభంగా పట్టుకుంటుంది. చదవడం రాని పిల్లలకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మా వీధిలో ఇద్దరి దగ్గర చూసినా.

నెలకొకసారి ఆదివారం యాడికైనా తీసకపోండి. మీకు ఎర్రగుంట్ల ఎంత దూరం, దాని పక్కనే కలమళ్ళ. తెలుగులో ఇప్పటిదాకా దొరికిన మొదటి శాసనం ఆ ఊళ్ళోదే, క్రీ.శ. 575 నాటిదంటారు, రేనాటి చోళరాజు ధనంజయుడిది. ఆ శాసనం ఫోటో ఒకటి ప్రింటు తీసుకోని పోయి ఆ ఊళ్ళో కూర్చోని బాబుతో చదవడానికి ప్రయత్నించండి, మీకూ రాదు, మీ ఆయనకీ రాదు, ఆ అక్షరాల ముందు అందరూ తడబడేవాళ్ళే. రోజూ తానొక్కడే తడబడే పిల్లోడికి అది ఎంత ఊరటో మీరు చూస్తారు. గండికోటలో పెన్న ఆ రాతిని ఎట్లా కోసుకోని పోయిందో, అంచుల్లో పొరలు పొరలుగా ఎట్లా కనపడుతుందో చూపించి ఇంటికొచ్చినాక గీయమనండి. బెలుం గుహలు కొంచెం దూరం, చలికాలంలో పోండి, లోపల ఉక్కగా ఉంటుంది.

స్నేహితుల గురించి మీరు అడగలేదు, నేనే చెప్తా, ఎందుకంటే ఇంటి చదువులో నిజంగా నష్టం జరిగేది ఈడనే. లెక్కలు ఆలస్యంగానైనా వస్తాయి, పదేళ్ళప్పుడు ఆడుకోకుండా పోయిన సాయంత్రాలు మళ్ళీ రావు. బాబు రోజూ సాయంత్రం 4:30 నుంచి చీకటి పడేదాకా వేరే పిల్లలతో ఉండాల్సిందే, అమ్మతో కాదు, చెల్లెలితో కాదు. క్లాస్‌మేట్స్‌లో ఇద్దరు ముగ్గురు దగ్గరోళ్ళు ఉంటారు, వాళ్ళ అమ్మలతో ముందే మాట్లాడండి, శనివారం మీ ఇంటికి పిలవండి. కబడ్డీనో కరాటేనో ఏదో ఒక కోచింగ్‌లో వెయ్యండి. శాఖా గ్రంథాలయంలో చేర్పించండి, వాడి పేరు మీద వాడి కార్డు. "బడికి ఎందుకు పోవట్లేదు" అని పెళ్ళిళ్ళల్లో పేరంటాల్లో వాణ్ణే అడుగుతారు జనం, ఏం చెప్పాలో వాడితో ముందే మాట్లాడి పెట్టుకోండి, "ఈ సంవత్సరం ఇంట్లో చదువుకుంటున్నా" అని ఒక్క ముక్క, తలెత్తి చెప్పేటట్టు.

పాపని ఎందుకు వద్దన్నానంటే, ఆ బిడ్డ సంతోషంగా పోతుందని మీరే రాసినారు. బాగున్నదాన్ని ఎందుకు కదిలించడం. ఇంకోటి కూడా ఉంది, నొచ్చుకోవద్దు. ఆడపిల్ల పొద్దంతా ఇంట్లో ఉంటే పనులు దాని చేతికే వస్తాయి, ఎవరూ కావాలని చెయ్యరు, ఆ చెంబు అందుకో, ఈ గిన్నె కడుగు, అన్నకి నీళ్ళియ్యి, అట్లా మొదలవుతుంది. మా పాపకి పదేళ్ళు వచ్చేసరికి ఇంటి పనిలో సగం దానికి వచ్చేసి ఉండె, మా వాడికి అన్నం పెట్టుకోవడం రాదు, నేను చదువుకున్నదాన్నై ఉండీ గమనించుకోలా. ఒకటి మాత్రం, బాబు ఇంట్లో ఉంటే పాప కూడా నేనూ పోనంటుంది, ఖాయంగా అంటుంది. దానికి సాయంత్రం గంట సేపు మీతో ఒక్కదానితోనే కథల టైము పెట్టండి, అన్నకి లేనిది దానికొక్కదానికే. ఒకవేళ అదే స్కూల్లో పాపని కూడా కొడతా ఉన్నారని తెలిస్తే మటుకు స్కూలు మార్చండి, రెండో ఆలోచన వద్దు.

ఇంతా రాసినాక ఒకటి గుర్తొచ్చింది, మీ ఆయన ఏమన్నాడో, అత్తమ్మ ఏమన్నదో అంతా రాసినారు, బాబు ఏమంటున్నాడో రాయలేదు. అడగండి. బడిని తిట్టించేటట్టు కాదు, ఏం బాగుంటుంది ఆడ, ఏం బాగుండదు, ఎవరు గుర్తొస్తారు, అని రాత్రి పడుకునేటప్పుడు దీపం ఆర్పినాక అడగండి, చీకట్లో పిల్లలు బాగా చెప్తారు.

ఏప్రిల్ పరీక్షలు అయిపోయేదాకా టీసీ అడగొద్దు, ఈ తరగతి పూర్తయినట్టు కాయితం చేతికి రానియ్యండి. సెలవల్లో కడప పోయి చూపించుకోని రండి. జూన్ 12కి బళ్ళు తెరుస్తారు, ఆ లోపల మీ ముగ్గురూ, బాబుతో నలుగురూ, ఒక మాట మీదికి వస్తే చాలు. డాక్టర్లు ఏం చెప్పినారో నాకు మళ్ళీ రాయండి, బాబు ఇప్పుడు తెలుగు ఎంతవరకు చదువుతున్నాడో ఒక పేజీ చదివించి వాడు ఆగిన పదాల కింద గీత గీసి ఆ పేజీ కూడా పంపండి, దాన్ని చూసి యాడ మొదలుపెట్టాలో చెప్తా.